ఫైర్‌మౌత్ జంటకు తోడు కోసం విజయనగరం దాకా

రంగు చేపల కోసం పలాస నుంచి బయలుదేరేవారికి నేను చెప్పేది ఒకటే: శ్రీకాకుళం కన్నా విజయనగరం నయం. రెండు చోట్లా తిరిగి, చూసి చెబుతున్నాను.

మా ఇంట్లో నాలుగడుగుల ట్యాంకులో ఫైర్‌మౌత్ సిక్లిడ్ జంట ఉంది. మెక్సికోలోని యుకటాన్, బెలీజ్, ఉత్తర గ్వాటెమాలా నీళ్లలో పుట్టిన జాతి. పెరిగితే 15 సెంటీమీటర్ల దాకా వస్తుంది. పోట్లాటకి పేరుపడ్డ మధ్య అమెరికా సిక్లిడ్ కుటుంబపు చేపల్లో ఇది సాధువు కిందే లెక్క. కోపమొస్తే మొప్పల మూతలు విప్పి, ఎర్రటి గొంతు ఉబ్బించి ఎదురొస్తుంది. చాలావరకు అది బెదిరింపే. ఆ బెదిరింపుకి తప్పుకునే చేపలైతే దాని పక్కన బతుకుతాయి. తప్పుకోని మొండి చేపల మధ్య పడితే దెబ్బలు తినేది ఫైర్‌మౌతే. అందుకని తోడు ఎంచడం దగ్గర నేను చాలా పట్టింపుగా ఉంటాను.

శ్రీకాకుళంతో మొదటి ఇబ్బంది దారి. పేరుకి శ్రీకాకుళం రోడ్డు స్టేషనే గానీ, రైలు దిగేది ఆమదాలవలసలో. ఊళ్లోకి మరో 13 కిలోమీటర్లు. వెళ్లేటప్పుడు ఫరవాలేదు, బస్సులూ ఆటోలూ బాగానే ఉంటాయి. తిరుగు దారిలో మాత్రం చేపల సంచులు ఒళ్లో పెట్టుకుని కిక్కిరిసిన ఆటోలో ఎండన పడి రావాలి. సంచిలో నీళ్లు వేడెక్కితే అందులో ఆక్సిజన్ నిలవదు.

రెండో ఇబ్బంది సరుకు ఉంచే తీరు. నేను చూసిన ఒక దుకాణంలో ఫైర్‌మౌత్ పిల్లలు, ఫ్లవర్‌హార్న్ పిల్లలు, ఏంజిల్ చేపలు అన్నీ ఒకే ట్యాంకులో ఉన్నాయి. ఏంజిళ్ల రెక్కలు చిరిగిపోయి ఉన్నాయి. ఫైర్‌మౌత్‌కి జతగా ఏది బాగుంటుందని అడిగితే, "ఆస్కార్ ఏసుకోండి మేస్టారూ, ఏటీ అవదు" అన్నాడు. ఆస్కార్ అడుగు పొడవు పెరిగే చేప, నోటికి పట్టినదల్లా మింగేస్తుంది. ఫ్లవర్‌హార్న్ అయితే ఎవరినీ దగ్గరికి రానివ్వదు. కొత్తగా పెంచేవాళ్లు ఇలాంటి సలహాలు నమ్మి డబ్బూ చేపలూ పోగొట్టుకుంటుంటే బాధేస్తుంది. అరసవల్లిలో దర్శనం చేసుకుని, ఖాళీ చేతులతో వెనక్కి వచ్చాను.

విజయనగరంలో రైలు దిగితే ఊళ్లోనే దిగినట్టు. గంటస్తంభం దగ్గర సందులో చిన్న దుకాణం. యజమాని నేను ఏం కొనాలనుకుంటున్నానో అడగలేదు. "ముందు మీ నీళ్లేటో సెప్పండి బాబూ" అన్నాడు. ఆ ప్రశ్నతోనే నాకు నమ్మకం కుదిరింది. మాది గిన్నెల మీద తెల్ల మరక వదిలే బోరు నీరు, అంటే సున్నం ఎక్కువున్న గట్టి నీరు. యుకటాన్ అంతా సున్నపురాయి నేల కాబట్టి ఫైర్‌మౌత్‌కి ఆ నీరు హాయి, నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 7 నుంచి 8 మధ్య ఉంటే చాలు. పక్కన చేరేవి కూడా అలాంటి నీటివే కావాలి. నియాన్ టెట్రాలు అమెజాన్ వైపు సున్నం తక్కువున్న మెత్తని నీటివి, పైగా ఫైర్‌మౌత్ నోటికి సరిగ్గా సరిపోతాయి. వాటి మాటే అనుకోలేదు.

ఇద్దరం చూసుకున్నది నీటిలో ఎవరు ఏ ఎత్తులో తిరుగుతారన్నది. ఫైర్‌మౌత్ అడుగున ఇసుక నోట పట్టి జల్లించుకుంటూ తింటుంది. గుడ్లు పెట్టినప్పుడు తల్లీ తండ్రీ కలిసి ఆ అడుగు భాగమంతా తమదే అంటాయి. అలాంటప్పుడు కోరిడోరాస్ లాంటి నేల చేపలకి పారిపోవడానికి చోటు ఉండదు. పైన, మధ్యన తిరిగేవే మేలు. అందుకే స్వోర్డ్‌టెయిల్స్ తీసుకున్నాను. వాటి పుట్టిల్లు కూడా మెక్సికో నుంచి హోండురస్ దాకా ఉన్న ఆ ప్రాంతమే, గట్టి నీళ్లంటే ఇష్టం. వాటితో పాటు జెయింట్ డేనియోల గుంపు. ఇవి మన దేశపు వాగుల చేపలే, 10 సెంటీమీటర్ల దాకా పెరిగి చురుగ్గా ఈదుతాయి. గుంపుగా పైన తిరుగుతుంటే, పిరికిగా దాక్కునే సిక్లిడ్లు కూడా భయం లేదనుకుని బయటికి వస్తాయి. అయితే గెంతుతాయి, ట్యాంకు మీద మూత ఉండాల్సిందే. టైగర్ బార్బ్‌లు అందంగానే ఉన్నాయి, రెక్కలు కొరికే అలవాటు తెలుసు కనుక వద్దన్నాను.

అడగ్గానే నా ఎదుటే మేత వేసి చూపించాడు. తినని చేపని కొనకూడదన్నది నా నియమం. సంచిలో నీరు పాడవకుండా ప్యాకింగ్‌కి ముందు రోజు మేత ఆపాలి కాబట్టి, అవి మర్నాటి దాకా తన దగ్గరే ఉంటాయన్నాడు.

అలా రాత్రి ఆగాల్సి వచ్చింది. సాయంత్రం కోట చుట్టూ నడిచి, మూడు లాంతర్ల దగ్గర పైడితల్లి అమ్మవారిని చూసుకున్నాను. ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు లాడ్జీ గదులు శుభ్రంగా ఉంటాయి, భోజనం దగ్గర్లోనే. స్టేషన్ వైపు గదిలో రైళ్ల చప్పుడుకి నిద్ర తక్కువ, కానీ పొద్దున్నే చేపల పెట్టె మోసుకుని పరిగెత్తక్కర్లేదు. చేపలతో ఉండేవాళ్లకి నేను స్టేషన్ వైపే చెబుతాను. రాత్రి సంచులు మీ గదిలోనే ఉంటే ఏసీ గది వద్దు: ఈ చేపలకి 24 నుంచి 28 డిగ్రీలు కావాలి, చిన్న సంచి త్వరగా చల్లబడిపోతుంది. లాడ్జీ బకెట్లలో సబ్బు మిగిలి ఉంటుంది, కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది. ఆ రెండిటి జోలికీ పోవద్దు.

పొద్దున్న ఆక్సిజన్ నింపి, మూలల్లో చేపలు ఇరుక్కోకుండా సంచి అడుగు కొసలు మడిచి కట్టి, థర్మకోల్ పెట్టెలో సర్దిచ్చాడు. పలాసలో దిగేసరికి అన్నీ ఈదుతున్నాయి.

నాచు తినడానికి, సక్కర్ ఫిష్‌లలో చిన్నగానే ఉండిపోయే బ్రిసిల్‌నోస్ ప్లెకో కూడా అడిగాను, ఆ రోజు లేదు. పక్క ట్యాంకులో మామూలు సక్కర్ ఫిష్ పిల్లలు బోలెడు ఉన్నాయి. అంటగట్టాలనుకుంటే క్షణం పని. "అది అడుగు దాటిపోద్ది బాబూ, మీ ట్యాంకు సాలదు. కలకత్తా సరుకులో బ్రిసిల్‌నోస్ వస్తే ఫోన్ చేస్తాను" అన్నాడు. ఆ ఫోన్ రాగానే మళ్లీ వెళ్తాను.