ఫౌతీ కాగితాల వెంట డన్‌స్టర్ దాకా

రెవెన్యూ శాఖలో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇంగ్లండ్‌లో ఉండే మా అమ్మాయి "ఈసారి ఏం చూస్తావు నాన్నా?" అనడిగితే ప్యాలెస్‌లు వద్దన్నాను. ఒక నైట్ (రాజు కొలువులోని గుర్రపు యోధుడు) కుటుంబం చేతికి భూమి ఎలా వచ్చింది, ఎలా నిలిచింది అన్నది కాగితంలో చూసి, తర్వాత నేల మీద చూడాలన్నాను. ఎంచుకున్నది లట్రెల్ వంశాన్ని. వాళ్ల రికార్డూ మిగిలింది, భూమీ మిగిలింది.

మొదటి మజిలీ లండన్‌లో క్యూ దగ్గరున్న నేషనల్ ఆర్కైవ్స్. ప్రవేశం ఉచితం. పేరుకొకటి, అడ్రసుకొకటి గుర్తింపు పత్రం చూపిస్తే రీడర్ టికెట్ ఇస్తారు. పెన్ను లోపలికి రానివ్వరు, పెన్సిల్‌తోనే రాసుకోవాలి. ఆది, సోమవారాలు సెలవు. కావలసిన కట్టల నంబర్లు ముందే ఆన్‌లైన్‌లో ఇచ్చి వెళ్తే ఎదురుచూపు తగ్గుతుంది. అడిగినవాడు ఎవరని చూడకుండా ఇంత ఓపికగా రికార్డు చూపించే ఆఫీసు నేనింతవరకు ఎరగను.

అక్కడ నాకు కావలసినవి ‘ఇంక్విజిషన్ పోస్ట్ మార్టెమ్’ పత్రాలు. మన రెవెన్యూ భాషలో ఫౌతీ, అంటే మరణానంతర, పంచనామాలు. రాజు నుంచి నేరుగా భూమి పొందినవాడు పోతే, ఎస్చీటర్ అనే అధికారి స్థానికులను పిలిపించి, ప్రమాణం చేయించి రాసుకునేవాడు. ఏ రోజు పోయాడు, ఏయే ఊళ్లలో ఏ భూమి, ఏటా రాబడి ఎంత, వారసుడెవరు, వయసెంత. గొర్రె తోలు మీది రాత. ఒకవైపు తెల్లగా, రెండోవైపు కాస్త పసుపు తిరిగి, వెలుతురుకు పట్టి చూస్తే వెంట్రుకలున్న చోట సన్నటి చుక్కలు. లాటిన్ నాకు రాదు. ఇంగ్లిష్ సారాంశాలు అచ్చులో ఉన్నాయి, అవి పక్కన పెట్టుకుని చదివాను.

వారసుడికి వయసొచ్చిందని తేల్చడానికి మళ్లీ ఒక విచారణ. సాక్షులు "ఆ అబ్బాయి పుట్టిన రోజే నేను కాలు విరగ్గొట్టుకున్నాను" లాంటి గుర్తులు చెప్పేవారు. మా నాయనమ్మ తన వయసు మూసీ వరదను బట్టే చెప్పేది. ఆ టేబుల్ దగ్గర ఆమె గుర్తొచ్చి కాసేపు చదవలేకపోయాను.

లింకన్‌షైర్‌లోని ఇర్నమ్ ఈ వంశంలో పెద్దశాఖ ఊరు. కింగ్స్ క్రాస్ నుంచి గ్రాంథమ్‌కి రైల్లో గంటకు కాస్త ఎక్కువ, అక్కడి నుంచి టాక్సీ. తిరుగు ప్రయాణానికి చెప్పుకున్న టాక్సీ యాభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. రైలు పోతుందేమోనని ఒకటే టెన్షన్. చర్చిలో 1390లో పోయిన సర్ ఆండ్రూ ఇత్తడి ఫలకం చూడదగ్గది. ఆ ఒక్కదాని కోసం ఒక రోజంతా పెట్టాలా అంటే, పేర్ల మీద ప్రేమ ఉన్నవాళ్లకే చెబుతాను. ఈ శాఖలోని సర్ జెఫ్రీ రాయించిన బొమ్మల ప్రార్థనా గ్రంథాన్ని 1929లో 31,500 పౌండ్లకు బ్రిటిష్ మ్యూజియం కొన్నది, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. అందులో గుర్రం మీది జెఫ్రీ వంశ చిహ్నంలో నీలం మీద వెండి పక్షులు. ఇదే వంశంలో సోమర్‌సెట్‌లోని డన్‌స్టర్ శాఖవి బంగారం మీద నల్ల పక్షులు. పక్షులవే, రంగులే వేరు. శాఖలు గుర్తుపట్టడానికి నాకు ఇదే పట్టు.

డన్‌స్టర్‌కి పాడింగ్టన్ నుంచి టాంటన్ దాకా రైలు, తర్వాత 28 నంబరు బస్సు. బిషప్స్ లిడియార్డ్ నుంచి స్టీమ్ రైలు కూడా ఉంది. మా ఆవిడకు అదే నచ్చింది గానీ ఆ స్టేషన్ ఊరికి మైలు దూరం. సామాన్లుంటే బస్సే మేలు. బస చేసిన పాత ఇంట్లో మెట్లు నిచ్చెనలా ఉన్నాయి. శాకాహారమని ముందే చెప్పినా రెండు పూటలూ బీన్స్, టోస్టే. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింది గది ఉందో లేదో అడిగి బుక్ చేసుకోండి.

లట్రెల్‌ల డన్‌స్టర్ కోట ఇప్పుడు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థది. 1868 నుంచి 1872 వరకు చాలా భాగం తిరగకట్టారు కాబట్టి లోపల మధ్యయుగం వెతికితే నిరాశే, రెండు గంటలు చాలు. నిలబడి చూడాల్సింది 1420లో సర్ హ్యూ కట్టించిన గేట్‌హౌస్.

ఆ గేటు దగ్గరే నాకు ఎలిజబెత్ లట్రెల్ కథ మనసుకు తగిలింది. 1376లో ఆమె ఈ కోటను, దాని భూములను 5,000 మార్కులకు, అంటే 3,333 పౌండ్లకు పైగా ఇచ్చి కొన్నది. షరతు ఒక్కటే. అమ్మిన జోన్ డి మోహున్ బతికున్నంత కాలం స్వాధీనం రాదు. జోన్ 1404 దాకా బతికింది. ఎలిజబెత్ 1395లోనే పోయింది. డబ్బు కట్టి, దస్తావేజు పట్టుకుని, గడప దాటకుండానే వెళ్లిపోయింది. కొడుకు హ్యూకి స్వాధీనం వచ్చాక కూడా మోహున్ వారసులు కోర్టుకెక్కారు, ఆయన నెగ్గాడు. ఇలాంటి ఫైళ్లు నా చేతుల మీదుగా ఎన్నో వెళ్లాయి. స్వాధీనం చూడకుండా కన్నుమూసిన ఆడవాళ్ల పేర్లు కొన్ని ఇప్పటికీ నోటికొస్తాయి.

ఈ కాగితాలు చాలావరకు టాంటన్ దగ్గరి సోమర్‌సెట్ హెరిటేజ్ సెంటర్‌లో ఉన్నాయి. 1650లో విలియం ప్రిన్ అనే ఖైదీని ఈ కోటలో పెడితే, ఆయన ఆ కట్టలన్నీ వరస పెట్టాడు. అంతకుముందే తన రాతలకు శిక్షగా రెండు చెవులూ పోగొట్టుకున్న మనిషి. ఆయన లేకపోతే మనకెంత దక్కేదో.

చివరి రోజు అమ్మాయి కారులో ఈస్ట్ క్వాంటాక్స్‌హెడ్ వెళ్లాం. 1086లో రాజు దేశంలోని భూములకు రాయించిన డూమ్స్‌డే లెక్కలో ఈ ఊరు రాల్ఫ్ పాగ్నెల్‌ది. తర్వాత ఆడపడుచు వైపు నుంచి లట్రెల్‌లకు వచ్చింది. అమ్మకం మాటే లేకుండా వారసత్వంలోనే నడిచిన భూమి. అక్కడి కోర్ట్ హౌస్ అంటే న్యాయస్థానం కాదు, లట్రెల్‌ల సొంత ఇల్లు, లోపలికి వెళ్లేది కాదు. టికెట్ కౌంటరూ, షాపూ ఏమీ లేవు. ఈ యాత్రలో అన్నిటికన్నా నాకు నచ్చిన చోటు ఇదే. పక్కనే చర్చి, ముందు బాతుల చెరువు, పొలం గట్టు మీదుగా సముద్రం దాకా కాలిబాట. ఆ బాట మొదట్లో వంగి గుప్పెడు మట్టి తీసి చూశాను. "సర్వే నంబరెంత నాన్నా?" అంది అమ్మాయి. మళ్లీ వస్తే ఈ ఊరికి దగ్గర్లోనే రెండు రాత్రులు బస చూడమని దానికి అప్పుడే చెప్పాను.