కన్సోలా, హ్యాండ్‌హెల్డా? ఒక్కటే కొనాలంటే ఏది మేలు?

ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్ ఆడినవాళ్లందరికీ తెలిసిన ఇబ్బంది ఒకటుంది. అందులో పాజ్ బటన్ లేదు. మెనూ తెరిచినా ఆట ఆగదు, వెనక నుంచి వచ్చే శత్రువు వస్తూనే ఉంటాడు. టీవీ ముందు కూర్చుని పెద్ద బాస్‌తో, అంటే ఆటలోని బలమైన శత్రువుతో, తలపడుతున్నప్పుడు ఎవరైనా పిలిస్తే రెండే దారులు: పలక్కుండా ఊరుకోవడం, లేదా చచ్చిపోవడం. తర్వాత అదే ఆటను చేతిలో పట్టుకుని ఆడే స్టీమ్ డెక్‌లో ఆఫ్‌లైన్‌గా ఆడాను. పవర్ బటన్ నొక్కగానే బాస్ ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఆగిపోయింది. గంట తర్వాత మళ్లీ నొక్కితే సరిగ్గా అక్కడి నుంచే కిందికి దిగింది. నేను పక్కకు దొర్లి తప్పించుకున్నాను కూడా.

టీవీకి తగిలించి ఆడే కన్సోల్ మేలా, చేతిలో పట్టుకుని ఆడే హ్యాండ్‌హెల్డ్ మేలా అన్న చర్చ ఎప్పుడు మొదలైనా చిప్ బలాన్ని కొలిచే టెరాఫ్లాప్స్ లెక్కలతోనే మొదలవుతుంది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్‌కి 12, ప్లేస్టేషన్ 5 (పీఎస్5)కి 10.28, స్టీమ్ డెక్‌కి 1.6. ఈ లెక్క ప్రకారం చర్చ అక్కడికక్కడే ముగిసిపోవాలి. కానీ ముగియదు. ఎందుకంటే ఆట మన రోజులో ఎక్కడ ఇముడుతుంది, ఎక్కడ ఆపగలం, మళ్లీ ఎంత త్వరగా అందుకోగలం అన్నది ఆ అంకెల్లో కనిపించదు. నా మట్టుకు నాకు ఏ పరికరం మేలో తేల్చేది అదే.

ఇది ఈనాటి సంగతి కూడా కాదు. 1989లో నింటెండో గేమ్ బాయ్ తెచ్చినప్పుడు దాని తెరలో రంగులు లేవు, నాలుగు ఛాయలే. వెనక వెలుగు కూడా లేదు, దీపం కింద కూర్చుని ఆడాల్సిందే. ఏడాదిన్నరకు, 1990లో సెగా గేమ్ గియర్ వచ్చింది. రంగుల తెర, బ్యాక్‌లైట్, అన్నీ ఉన్నాయి. కాగితం మీద పోటీయే లేదు. కానీ గేమ్ గియర్‌కి ఆరు బ్యాటరీలు కావాలి, అవి మూడు నుంచి ఐదు గంటల్లో అయిపోయేవి. గేమ్ బాయ్‌కి నాలుగు చాలు, పది గంటలకు పైగా నడిచేది. పాతబడి చవకైన సాంకేతికతనే కొత్త రకంగా వాడాలన్నది దాన్ని తయారు చేయించిన గున్‌పే యొకోయ్ పద్ధతి. గేమ్ బాయ్, దాని రంగుల రూపం కలిపి 11.8 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. గేమ్ గియర్ సుమారు కోటి దగ్గర ఆగింది. ఎక్కువసేపు చేతిలో నిలిచిందే గెలిచింది.

అలాగని బలం అక్కర్లేదని కాదు. బలం ఎక్కడ అక్కరకొస్తుందో, ఎక్కడ వృథా అవుతుందో చూడాలంటున్నాను.

పీఎస్5లో పెద్ద ఆట నడుస్తుంటే అది 200 వాట్ల దరిదాపుల్లో కరెంటు లాగుతుంది. ఆ వేడిని బయటికి పంపడానికే దానికి అంత పెద్ద ఫ్యాను, అంత పెద్ద ఒళ్లు. స్టీమ్ డెక్‌లో చిప్ గరిష్ఠంగా వాడుకునేది 15 వాట్లు. తెర, మిగతావి కలిపితే 20 దాటుతుంది. ఓఎల్ఈడీ మోడల్ బ్యాటరీ 50 వాట్-అవర్లు. కాబట్టి బరువైన ఆట అయితే రెండు గంటలు, రెండుంపావు గంటలు, అంతే. నింటెండో హ్యాండ్‌హెల్డ్ స్విచ్ 2కి ఆ సంస్థ చెప్పే లెక్క కూడా రెండు నుంచి ఆరున్నర గంటలు. ఇందులో రెండు గంటల వైపే నమ్మండి, పెద్ద ఆటలు ఎప్పుడూ ఆ వైపే ఉంటాయి.

పదో వంతు కరెంటుతో నడిచేది పదో వంతు బొమ్మే చూపించాలి కదా? ఇక్కడే అసలు కిటుకు ఉంది. 4కే టీవీ మీద ఒక్కో ఫ్రేముకి, అంటే కదిలే బొమ్మలో ఒక్కో చిత్రానికి, 83 లక్షల పిక్సెళ్లు (చుక్కలు) గీయాలి. స్టీమ్ డెక్ తెర 1280x800, అంటే పది లక్షల పైచిలుకు. ఎనిమిదో వంతు పని. అరచేతి దూరంలో ఏడంగుళాల తెర మీద ఆ పది లక్షలే కంటికి నిండుగా ఆనుతాయి. 2019లో ద విచర్ 3 అనే భారీ ఆట మొదటి స్విచ్‌కి వస్తోందన్నప్పుడు అసాధ్యం అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. వచ్చింది, 32 జీబీ కార్డులో పట్టింది. చేతిలో ఆడితే రెజల్యూషన్ 540పీ, దూరపు చెట్లు మసగ్గా ఉంటాయి, అది నిజమే. కానీ ఆ ఆటను నేను చివరిదాకా ఆడింది ఆ మసక చెట్ల మధ్యే. అంతకుముందు పెద్ద కన్సోల్‌లో రెండుసార్లు మొదలుపెట్టి, రెండుసార్లూ మొదటి పెద్ద ఊరు దాటకుండానే వదిలేశాను.

ఇప్పుడు కన్సోల్ వైపు. దీనికి సాటి లేని చోట్లు కొన్ని ఉన్నాయి, వాటిని తక్కువ చేసి చెప్పడం నాకు ఇష్టం లేదు.

మొదటిది పీఎస్5 కంట్రోలర్ డ్యుయల్‌సెన్స్. పీఎస్5తో పాటే వచ్చే ఆస్ట్రోస్ ప్లేరూమ్ అనే ఆట ఒక్కసారి ఆడి చూడండి. ఆ బుల్లి రోబో ఇసుకలో నడిస్తే ఒక రకంగా, లోహం మీద నడిస్తే ఇంకో రకంగా అరచేతికి తెలుస్తుంది. వాన పడితే చినుకులు వేళ్ల కింద చిటపటలాడతాయి. ట్రిగ్గర్ నొక్కుతుంటే స్ప్రింగు బిగిసినట్టు ఎదురు తిరుగుతుంది. దాని తర్వాతి ఆట ఆస్ట్రో బాట్ 2024లో ద గేమ్ అవార్డ్స్‌లో గేమ్ ఆఫ్ ద ఇయర్ అయిందంటే అందులో ఈ స్పర్శ పాలు చాలా ఉందని నా నమ్మకం. ఏ హ్యాండ్‌హెల్డూ ఇంకా దీని దగ్గరికి రాలేదు.

రెండోది పెద్ద తెర ఇచ్చే నిండుదనం. చీకటి గుహలో దూరంగా ఒక దివిటీ కదలడం, గది నాలుగు మూలల నుంచీ వచ్చే శబ్దం, పక్కన నలుగురు కూర్చుని "అటు కాదు, ఇటు!" అని అరవడం. అయితే ఇక్కడ ఒక మాట. కన్సోల్‌తో పాటు టీవీ రాదు. పీఎస్5 సెకనుకు 120 ఫ్రేములు ఇవ్వగలిగినా టీవీ 60 హెర్ట్జ్‌ది అయితే సగం ఫ్రేములు కంటికి చేరవు. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయకపోతే బటన్ నొక్కినదానికీ బొమ్మ కదిలినదానికీ మధ్య తేడా వేళ్లకు తెలిసిపోతుంది. హ్యాండ్‌హెల్డ్‌కి ఈ గొడవ లేదు. దాని తెర దానికే ఉంటుంది, చేసేవాళ్లు ఆ ఒక్క తెరనే చూసుకుని సరిచేస్తారు. స్విచ్ 2లో ఫ్రేముల ఒడిదొడుకులను సర్దే వీఆర్ఆర్ కూడా చేతిలో ఆడితేనే పనిచేస్తుంది, టీవీకి కలిపే డాక్‌లో పెడితే పనిచేయదు.

మూడోది వార్తల్లో రోజూ నానుతున్నదే. జీటీఏ 6 (గ్రాండ్ తెఫ్ట్ ఆటో 6) అనే ఆట. తేదీ ఇప్పటికి రెండుసార్లు జరిగింది. 2025 నుంచి 2026 మేకి, అక్కడి నుంచి 2026 నవంబరు 19కి మార్చారు. దాన్ని చేస్తున్న రాక్‌స్టార్ ఆ ప్రకటనల్లో చెప్పిన పరికరాలు పీఎస్5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, సిరీస్ ఎస్ మాత్రమే. దాని కోసమే కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తున్నవాళ్లకు ఈ వ్యాసం మిగతా భాగం అక్కర్లేదు. కన్సోల్ కొనండి.

హ్యాండ్‌హెల్డ్‌తో నాకున్న ఫిర్యాదుల్లో మొదటిది అక్షరాలు. టీవీ కోసం గీసిన మెనూలను అలాగే ఏడంగుళాల తెర మీదికి తెచ్చేస్తారు. ఏ కవచానికి ఎంత బలమో చదవడానికి పరికరాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకోవాల్సి వస్తుంది. రెండోది బరువు. స్విచ్ 2 కంట్రోలర్లతో కలిపి సుమారు 530 గ్రాములు, స్టీమ్ డెక్ ఓఎల్ఈడీ 640. అరగంట వరకు తెలియదు, పడుకుని ఆడితే మాత్రం మణికట్టు చెబుతుంది. ఒళ్లో దిండు పెట్టుకుని మోచేతులు దాని మీద ఆనిస్తే చాలా హాయి. మూడోది బొటనవేలితో తిప్పే స్టిక్కుల అరుగుదల. మొదటి స్విచ్ కంట్రోలర్లైన జాయ్-కాన్‌లలో డ్రిఫ్ట్ సమస్య, అంటే ముట్టుకోకుండానే స్టిక్కు కదిలినట్టు ఆట అనుకోవడం, ఎంత ముదిరిందంటే, 2020లో నింటెండో అధ్యక్షుడు ఫురుకావా వాటాదారుల సమావేశంలోనే క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. డ్యుయల్‌సెన్స్‌కీ అరుగుదల తప్పదు. కానీ అది పాడైతే కంట్రోలర్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది. స్టిక్కులు ఒంట్లోనే ఉన్న హ్యాండ్‌హెల్డ్ పాడైతే మొత్తం విప్పాలి.

ఆటను సొంతం చేసుకునే విషయంలో ఒకప్పుడు కన్సోల్‌దే పైచేయి. ఇప్పుడు అక్కడా గీత చెరిగిపోతోంది. 2024 నవంబరులో వచ్చిన పీఎస్5 ప్రోలో డిస్క్ డ్రైవ్ లేదు, విడిగా కొనుక్కోవాలి. సిరీస్ ఎస్‌లో అసలే లేదు. స్విచ్ 2 కార్డుల్లో కొన్ని గేమ్-కీ కార్డులు. పెట్టెలో కార్డు ఉంటుంది కానీ కార్డులో ఆట ఉండదు, తాళంచెవి మాత్రమే ఉంటుంది. ఆటంతా డౌన్‌లోడ్ చేసుకోవాలి. సైబర్‌పంక్ 2077 అనే ఆట చేసినవాళ్లు మాత్రం మొత్తం ఆటను 64 జీబీ కార్డులో పెట్టి అమ్మారు. ఆ నిర్ణయానికి నేను మనసారా సంతోషించాను. పదేళ్ల తర్వాత సర్వర్ ఉన్నా లేకపోయినా ఆ కార్డు పెడితే ఆట లేస్తుంది. స్నేహితుడికి ఇచ్చి మళ్లీ తెచ్చుకోవచ్చు.

సరే, హ్యాండ్‌హెల్డ్ వైపే మొగ్గారనుకుందాం. ఏది?

స్విచ్ 2 గురించి ముందు చెబుతాను, ఎందుకంటే ఎక్కువమందికి అదే సరిపోతుంది. 2025 జూన్ 5న వచ్చింది, నాలుగు రోజుల్లో 35 లక్షలు అమ్ముడైంది. 7.9 అంగుళాల 1080పీ తెర, 120 హెర్ట్జ్. డాక్‌లో పెడితే టీవీలో 4కే వరకు వెళుతుంది. కంట్రోలర్లు ఊడదీసి ఒకటి పక్కవాళ్లకి ఇస్తే అప్పటికప్పుడు ఇద్దరి ఆట. మారియో కార్ట్ వరల్డ్, డాంకీ కాంగ్ బనాంజా, జెల్డా ఆటలు నింటెండో పరికరాల్లో తప్ప ఇంకెక్కడా దొరకవు. తెర ఎల్‌సీడీ కావడం నాకు నచ్చలేదు. 2021 నాటి స్విచ్ ఓఎల్ఈడీ పక్కన పెట్టి చూస్తే నలుపు నలుపుగా కాక బూడిదగా కనిపిస్తుంది. నిల్వ పెంచుకోవడానికి మైక్రోఎస్డీ ఎక్స్‌ప్రెస్ కార్డే కావాలి, పాత కార్డులు పనికిరావు.

స్టీమ్ డెక్ వేరే తరహా మనిషికి. పీసీ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో మీ ఖాతాలో ఇప్పటికే వంద ఆటలు ఉంటే వాటిలో చాలావరకు మళ్లీ డబ్బు కట్టకుండా చేతిలోకి వచ్చేస్తాయి. విండోస్ కోసం చేసిన ఆటలను లినక్స్ మీద నడిపించే ప్రోటాన్ అనే పొర వల్ల ఇది సాధ్యమైంది. ఆ పని ఎంత బాగా జరుగుతోందో చూస్తే ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. కానీ ఫోర్ట్‌నైట్ లాంటివి ఆటలో మోసాలను అడ్డుకునే యాంటీ-చీట్ కారణంగా ఇందులో నడవవు. మీ స్నేహితులంతా ఆడేది అదే అయితే డెక్ మీకు కాదు.

2025 అక్టోబరులో వచ్చిన ఆర్ఓజీ ఎక్స్‌బాక్స్ అలై పేరు చూసి పొరబడకండి. అది విండోస్ పీసీ. ఎక్స్‌బాక్స్ డిస్కులు, కన్సోల్ ఆటలు నేరుగా అందులో ఆడవు, పీసీ ఆటలే ఆడతాయి. ప్లేస్టేషన్ పోర్టల్ అయితే సొంతంగా ఏ ఆటనూ నడపలేదు. ఇంట్లోని పీఎస్5 నుంచో, క్లౌడ్ నుంచో వైఫై మీద బొమ్మ తెచ్చుకుంటుంది. ఇప్పటికే పీఎస్5 ఉండి, టీవీ ఎప్పుడూ ఖాళీగా దొరకనివాళ్లకు మంచి తోడు. ఒంటరిగా కొనేది కాదు.

ఒక్కటే కొనాలంటే నా ఓటు హ్యాండ్‌హెల్డ్‌కే, అందులోనూ స్విచ్ 2కి. ఆటను ఆపిన చోటి నుంచే మళ్లీ అందుకోనిచ్చే రెస్ట్ మోడ్ పీఎస్5లో, క్విక్ రెజ్యూమ్ ఎక్స్‌బాక్స్‌లో ఉన్నాయి కదా అంటారా? ఉన్నాయి, బాగానే పనిచేస్తాయి. కానీ ఆట లేవాలంటే ముందు టీవీ మన చేతికి రావాలి, గంటసేపు మనదే కావాలి. ఇరవై నిమిషాలు దొరికితే కన్సోల్ ఆన్ చేయాలని నాకు ఎప్పుడూ అనిపించలేదు. హ్యాండ్‌హెల్డ్‌లో ఆ ఇరవై నిమిషాల్లో సిల్క్‌సాంగ్ అనే ఆటలో ఒక బాస్‌తో నాలుగుసార్లు తలపడొచ్చు. 2019లో ప్రకటించినప్పటి నుంచి కొత్త ఆటలను ప్రకటించే ప్రతి నింటెండో డైరెక్ట్ ప్రసారం ముందూ దాని పేరే జపించాం. 2025 సెప్టెంబరు 4న వచ్చిన క్షణంలో ఆన్‌లైన్ స్టోర్లే తాకిడికి మొరాయించాయి. ఆ రోజు అది కన్సోళ్లకూ, స్విచ్‌కూ, పీసీకీ ఒకేసారి వచ్చింది. నేను రెండు చోట్లా ఆడాను. టీవీ మీద ఆ గూళ్లు, గంటలు, పట్టుదారాలు ఎంత అందంగా ఉన్నాయో చెప్పలేను. అయినా ఓడిపోయిన ప్రతిసారీ మళ్లీ ప్రయత్నించింది మాత్రం చేతిలో ఉన్నదాంట్లోనే.

వారానికి రెండు మూడు సాయంత్రాలు మీకంటూ ఉండి, మంచి టీవీ ఇప్పటికే ఉండి, ఒక్కో ఆటలో మూడు గంటలు మునిగిపోవడమే మీకు ఇష్టమైతే నేను చెప్పినదాన్ని తిరగేయండి. పీఎస్5 తీసుకోండి, డిస్క్ డ్రైవ్ ఉన్నదే తీసుకోండి, మొదట ఆస్ట్రోస్ ప్లేరూమ్ తెరిచి ఆ రోబోను వానలోకి నడిపించండి.