ఐఎస్‌ఓ నెట్ జీరో మార్గదర్శకాలు: సంస్థలకు అందివచ్చిన కొలబద్ద

2022 నవంబరులో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో జరిగిన ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సు కాప్ 27 సందర్భంగా అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్‌ఓ విడుదల చేసిన ఐడబ్ల్యూఏ 42 అనే మార్గదర్శక పత్రం, నెట్ జీరో (గ్రీన్‌హౌస్ వాయు ఉద్గారాలను తగ్గించి, మిగిలినంత మేరకు వాతావరణం నుంచి తొలగించి నికరంగా సున్నాకు చేర్చడం) అనే మాటను ఎవరికి తోచినట్లు వారు వాడుకోకుండా ఒక హద్దు గీయడానికి చేసిన ప్రయత్నం. ఐఎస్‌ఓ ప్రమాణాలను సాధారణంగా డబ్బు పెట్టి కొనుక్కోవాలి; దీన్ని మాత్రం ఉచితంగా చదువుకోవచ్చు.

పత్రంలో నాకు బాగా నచ్చింది స్కోప్ 3 (సంస్థ సొంత పనులు, కొనే కరెంటు కాక, సరఫరా, రవాణా వంటి బయటి పనుల్లో వెలువడే ఉద్గారాలు) విషయంలో చూపిన పట్టుదల. ఒక సిమెంటు కంపెనీ తన బట్టీలో కాల్చే బొగ్గును, కొనే కరెంటును లెక్క చూపి ఊరుకుంటే సరిపోదని, సరుకు మోసే బయటి లారీల డీజిల్ వరకూ బాధ్యత వహించాలని ఇందులోని సూచనల సారాంశం. ఉద్గారాలను ముందు తగ్గించి, ఎంత చేసినా మిగిలిపోయిన కొద్దిపాటి వాటిని మాత్రమే వాతావరణం నుంచి తొలగింపుల ద్వారా సరిచేయాలన్న క్రమం కూడా స్పష్టంగా ఉంది. కార్బన్ క్రెడిట్లు (వేరేచోట ఉద్గారాలు తగ్గించినందుకు లేదా తొలగించినందుకు ఇచ్చే పత్రాలు) కొని ప్రకటనలు గుప్పించే వారికి ఇది రుచించదు, రుచించనక్కరలేదు కూడా.

లోపం అమలులో ఉంది. ఇవి స్వచ్ఛంద సూచనలే కనుక పాటించకపోతే అడిగేవారు లేరు. వీటి ఆధారంగా ధ్రువపత్రమూ రాదు. పైగా నెట్ జీరోకు ఇందులో చెప్పిన గడువు 2050 కాగా, భారత్ ప్రకటించిన జాతీయ లక్ష్యం 2070 కావడంతో, మన సంస్థలు ఏ సంవత్సరాన్ని పట్టుకోవాలో బోర్డులోనే తేల్చుకోవాలి. ఉద్గారాలను లెక్కకట్టే పద్ధతి తెలియని చిన్న పరిశ్రమలు ముందుగా ఆ పద్ధతిని వివరించే జీహెచ్‌జీ (గ్రీన్‌హౌస్ వాయువుల) ప్రోటోకాల్ చదివి, ఆ తరువాత దీన్ని తెరవడం మేలు.