కూనల ప్రోబయాటిక్ పేస్ట్: ఏడు పిల్లలకి వాడి చూశాక

మా కుక్క చుక్కికి ఇది మొదటి ఈత. ఐదు కూనలు మామూలుగానే పుట్టాయి. ఆరోది అడ్డం తిరగడంతో చివరి రెండింటినీ ఆపరేషన్ చేసి తీశారు. తల్లికి ఐదు రోజులకి యాంటీబయాటిక్ రాశారు. నాలుగో రోజుకల్లా కూనలకి విరేచనాలు పట్టుకున్నాయి. అప్పుడు మా పశువైద్యురాలు చేతిలో పెట్టిన ప్రోబయాటిక్ పేస్ట్, అంటే పేగులకి మేలు చేసే బ్యాక్టీరియా ఉన్న సిరంజి ట్యూబు గురించే ఈ రివ్యూ. ఇంచుమించు ఇవే దినుసులతో చాలా పేస్టులు దొరుకుతాయి కాబట్టి, మీ చేతికి ఏది వచ్చినా ఇక్కడ రాసింది పనికొస్తుంది.

అసలు చంటి కూనకి విరేచనాలని కనిపెట్టడమే కష్టం. తల్లి పొట్ట కింద నాకితే తప్ప వాటికి మూత్రం గానీ మలం గానీ రాదు. దాదాపు మూడు వారాల దాకా అంతే. వచ్చిందంతా తల్లే తినేస్తుంది. పడక గుడ్డ శుభ్రంగా కనిపిస్తుంది, మనం అంతా బాగుందనుకుంటాం. నాకు అనుమానం తెప్పించింది తోక కింద తడి, ఎర్రగా కందిన చర్మం. దూదిని గోరువెచ్చటి నీళ్లలో ముంచి, పిండి, తల్లి నాలుకలా మెల్లగా రాస్తే కాసేపట్లోనే బయటపడింది. పసుపుపచ్చగా, టూత్‌పేస్టులా రావాల్సింది ఆకుపచ్చ నీళ్లలా జారింది. ఏడింటిలో ఐదింటికి అదే తీరు. ఆ రోజు నుంచి రోజుకి రెండుసార్లు దూదితో చూడటం అలవాటు చేసుకున్నాను.

ఇక ట్యూబులో ఉన్నది. ఎంటరోకాకస్ ఫీషియం అనే బ్యాక్టీరియా, దానికి మేతగా ఒక రకం పీచు చక్కెర, కేయోలిన్ అనే తెల్లటి బంకమట్టి. బ్యాక్టీరియా పేరు పక్కన ఎన్‌సీఐఎంబీ 10415 అని రకం నంబరు కూడా వేశారు. ఇది నాకు నచ్చింది. ఒకే పేరున్న బ్యాక్టీరియాలో రకరకాలుంటాయి, ఒకటి చేసే పని ఇంకొకటి చేయకపోవచ్చు. ఉత్తినే 'మంచి బ్యాక్టీరియా' అని రాసి వదిలేసిన డబ్బాని నేనైతే కొనను.

ఎందుకు ఇదే బ్యాక్టీరియా అని డాక్టరుగారిని అడిగితే ఓపిగ్గా చెప్పారు. పుట్టగానే కూన పేగుల్లో ఇంకా ఆక్సిజన్ ఉంటుంది. తల్లి పుట్టుక దారి నుంచి, చన్నుల మీది చర్మం నుంచి, నాలుక నుంచి మొదట దిగేవి ఆక్సిజన్ ఉన్నా లేకపోయినా బతకగలిగేవి: ఈ.కోలై, స్ట్రెప్టోకాకస్, ఎంటరోకాకస్ జాతులు. ఆ ఆక్సిజన్‌ని అవి వాడేశాకే, ఆక్సిజన్ ఉంటే పెరగలేని బ్యాక్టీరాయిడ్స్ లాంటివి కాపురం పెడతాయి. పాలు మాన్పించే వయసు దాకా ఈ మార్పు సాగుతూనే ఉంటుంది. ఆపరేషన్‌తో పుట్టిన రెండింటికీ పుట్టుక దారి స్పర్శే లేదు. పైగా తల్లికి వేసిన మందు కొంత పాలలోకి దిగుతుంది. అందుకే మందు ప్రభావం తగ్గేదాకా ఊతంగా ఈ పేస్ట్. ఇది పేగుల్లో శాశ్వతంగా స్థిరపడేది కాదు. ఇవ్వడం ఆపేస్తే కొద్ది రోజుల్లో వెళ్లిపోతుంది. తల్లికి మందు మధ్యలో ఆపేద్దామా అని కూడా అడిగాను. కుట్లు పచ్చిగా ఉన్నాయి, ఆపకూడదన్నారు.

ఫలితం? మర్నాటికే మలం గట్టిపడింది. నేను చాలా సంతోషపడ్డాను. డాక్టరుగారు మాత్రం, 'ఇంత తొందరగా గట్టిపడిందంటే అది చాలావరకు మట్టి చేసిన పని' అన్నారు. కేయోలిన్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి చూడ్డానికి మలం బాగుపడినట్టే ఉంటుంది, లోపల పేగు ఇంకా కోలుకోకపోయినా సరే. ఈ ట్యూబు గురించి ఒక్క మాటే గుర్తుపెట్టుకోదలిస్తే ఇది గుర్తుపెట్టుకోండి. మట్టి ఉన్న పేస్ట్ రెండు మూడు రోజుల మందు, రోజువారీ బలం కాదు. మూడో రోజున ఒక కూన ముక్కుతూ ఇబ్బంది పడటంతో ఆపేసి, అదే బ్యాక్టీరియా ఉన్న మట్టి లేని పొడికి మారాం. మరో సంగతి, పేస్ట్ మొదలుపెట్టిన మర్నాడే తల్లి యాంటీబయాటిక్ కోర్సు కూడా అయిపోయింది. కాబట్టి వారం తిరిగేసరికి ఏడూ కుదుటపడ్డాయంటే ఆ మేలు మొత్తం ట్యూబుదే అని రాయడానికి నాకు మనసొప్పదు.

ట్యూబు రాకముందు జరిగింది కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది కూన నీరసంగా ఉందనగానే ముందు ఇలాంటి పేస్ట్ కోసమే చూస్తారు. అన్నిటికంటే చిన్నది బుడ్డి. పుట్టినప్పుడు 262 గ్రాములు, రెండో రోజున 250. మొదటి రెండు రోజుల్లో 4 శాతానికి మించి తగ్గితే ప్రాణానికి ముప్పు పెరుగుతుంది, దీనిది ఆ గీత దాటింది. చేత్తో పట్టుకుంటే పొట్ట చల్లగా తగిలింది. థర్మామీటరు పెడితే 34.4 డిగ్రీలు. మొదటి వారంలో 35 నుంచి 37 మధ్య ఉండాలి. పాలు పడదామని చెయ్యి ముందుకు పోయింది, ఫోన్‌లో డాక్టరుగారు ఆపారు. ఒళ్లు చల్లబడ్డ కూనకి పేగులు కదలవు. పట్టిన పాలు కడుపులోనే ఉండిపోతాయి, లేదా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పేస్ట్ పెట్టినా అంతే. గుండెలకి హత్తుకుని, పైన దుప్పటి కప్పుకుని, గంటన్నర పాటు నెమ్మదిగా వెచ్చబెట్టాను. 36 దాటాక తనే మూతి తిప్పుతూ వెతుక్కోవడం మొదలుపెట్టింది, అప్పుడు వెనక వైపు నిండుగా పాలున్న చన్నుకి అందించాను.

ముర్రుపాల మాట కూడా అలాంటిదే. వాటిలోని రక్షణ పదార్థాలని పేగు గోడ నేరుగా రక్తంలోకి తీసుకునేది మొదటి కొద్ది గంటల్లోనే ఎక్కువ, 24 గంటలు దాటితే ఆ దారి మూసుకుపోయినట్టే. ఏ ట్యూబూ దాన్ని మళ్లీ తెరవలేదు.

ఇక వాడకంలో నాకు కష్టమనిపించినవి. సిరంజి మీద గీతలు 1 మిల్లీలీటరు నుంచి మొదలవుతాయి, మా కూనలకి రాసింది అందులో సగం. మూతి కూడా లావు, అరచేతిలో పట్టే తల ఉన్న కూన నోట్లో అది పట్టదు. మందుల సిరంజికి సూది తీసేసి, పేస్ట్‌ని అందులోకి ఎక్కించి కొలిచి, చిటికెన వేలి మీద కొంచెం కొంచెంగా పెట్టి నాలుకకి రాశాను. ఇందులో నేను అనుకోని లాభం ఒకటుంది. ఆరోగ్యంగా ఉన్న కూన నాలుక ఆకు దొన్నెలా మడిచి వేలిని చుట్టేస్తుంది, గట్టిగా లాగుతుంది. ఆ లాగే బలం ఎప్పుడు తగ్గినా తూకం కంటే ముందే వేలికి తెలిసిపోతుంది. ఆరో రోజు పొద్దున గోధుమరంగు మగకూన నాలుక వదులుగా తగిలింది. చూస్తే అది వెచ్చటి మూల నుంచి దొర్లి పెట్టె చివరికి పోయింది.

దాచడం విషయంలో నాది పొరపాటే. మొదటి ట్యూబుని వేడి దీపం కింద, పెట్టె అంచు మీదే రెండు రోజులు ఉంచాను. లోపలున్నవి ప్రాణమున్న బ్యాక్టీరియా, వేడికి, తేమకి చచ్చిపోతాయి. దాన్ని పడేసి కొత్తది తెచ్చాను. పొడిని కూడా వేడి పాలలో కలపకూడదు, గోరువెచ్చగా చాలు. ఆ పాలు కూడా కూనల కోసం తయారుచేసినవే కావాలి. ఆవుపాలలో కుక్కపాలతో పోలిస్తే మాంసకృత్తులు, కొవ్వు సగం కూడా ఉండవు, లాక్టోజ్ అనే పాల చక్కెర మాత్రం ఎక్కువ. విరేచనాల మీద విరేచనాలు తెచ్చుకున్నట్టవుతుంది.

నాలుగో వారం దాటాక ఒక కూనకి మళ్లీ మొదలైంది. పొడి ఇస్తున్నాం కదా అని నేను రెండు రోజులు చూశాను. అలా చూడకుండా ఉండాల్సింది. కారణం ఏలిక పాములు. అవి తల్లి కడుపులోనే పిల్లలకి వస్తాయి, పాలలోనూ వస్తాయి. అందుకే రెండో వారం నుంచే రెండేసి వారాలకోసారి నులిపురుగుల మందు పట్టాలి. నేను నాలుగో వారం మోతాదు ఐదు రోజులు వెనక్కి నెట్టాను. మందు పట్టాక అది తేరుకుంది. ప్రోబయాటిక్ పాముల్ని ఏమీ చేయదు.

బుడ్డి బరువు రెట్టింపు కావడానికి 12 రోజులు పట్టింది, మిగతావాటికి తొమ్మిది పది. ఈ పేస్ట్‌ని డాక్టరు చెప్పినన్ని రోజులకి నేను మళ్లీ కొంటాను. కంపెనీకి రెండు విషయాలు రాసి పంపాను. డబ్బా మీద వేసిన బ్యాక్టీరియా లెక్క తయారైన రోజుదా, గడువు తేదీ నాటికి మిగిలేదా అన్నది ఒకటి. అర మిల్లీలీటరు గీతలున్న సన్న మూతి సిరంజి పెట్టమని రెండోది. జవాబు వస్తే ఇక్కడే కింద రాస్తాను.