గ్లోబల్‌గివింగ్‌తో కొన్నేళ్లు: డాలర్లు వస్తాయా అని అడిగేవాళ్లకు

అనంతపురం జిల్లాలో మాది చిన్న సొసైటీ. పనుల కోసం బెంగళూరు వెళ్లిపోయే కూలీల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేలా సాయంత్రం ట్యూషన్ సెంటర్లు నడుపుతాం. విదేశీ విరాళాల లెక్కలు చూడడం, దాతలకు ఉత్తరాలు రాయడం నా పని. అమెరికా విరాళాలకు చాలాకాలంగా ఆన్‌లైన్ విరాళాల సైటు గ్లోబల్‌గివింగ్‌నే వాడుతున్నాం. "ఆ సైటులో పేరు ఎక్కిస్తే డాలర్లు వస్తాయంట కదా?" అని తోటి సంస్థలవాళ్లు అడుగుతూనే ఉంటారు. ఎక్కించినంత మాత్రాన రావు. ఇచ్చేవాళ్లు మనవాళ్లే, లేదంటే మనవాళ్లకు తెలిసినవాళ్లు. ముక్కూమొహం తెలియనివాళ్లు మా పేజీ చూసి ఇచ్చిన డబ్బు చాలా తక్కువ. ఆ సైటు వల్ల ఒరిగేది వేరే ఉంది.

అమెరికాలో పన్ను కట్టే మనిషి మన సొసైటీకి నేరుగా డబ్బు పంపితే అక్కడ పన్ను మినహాయింపు దొరకదు. ఆ దేశంలోనే ఏర్పాటై, 501(సి)(3) హోదా, అంటే అక్కడి పన్ను చట్టం కింద ధార్మిక సంస్థగా గుర్తింపు, ఉన్న సంస్థకు ఇస్తేనే దొరుకుతుంది. కెనడా, మెక్సికో, ఇజ్రాయెల్ సంస్థల విషయంలో పన్ను ఒప్పందాల వల్ల కొంత వెసులుబాటు ఉంది, మనకు అదీ లేదు. ప్రపంచ బ్యాంకులో పనిచేసిన మారి కురైషి, డెనిస్ విటిల్ 2002లో మొదలుపెట్టిన గ్లోబల్‌గివింగ్‌కు ఆ హోదా ఉంది. దాత వాళ్లకిస్తాడు, రసీదు వాళ్లిస్తారు. మన కాగితాలు పరిశీలించాక డబ్బు మనకు గ్రాంటుగా పంపుతారు.

లోపలికి వెళ్లడానికి యాక్సిలరేటర్ అనే పరీక్ష ఉంటుంది. మేం చేరినప్పుడు నిర్ణీత రోజుల్లో కనీసం 40 మంది దాతల నుంచి 5,000 డాలర్లు రావాలన్నారు. ఒక పెద్దాయన చెక్కు రాసిచ్చేస్తే గట్టెక్కే వ్యవహారం కాదు. మా కార్యదర్శికి ఇది చాదస్తంగా కనిపించింది కానీ నాకు నచ్చింది. 40 మందిని కూడగట్టలేని సంస్థకు ఆ తర్వాతా కష్టమే. మా నలభై మందీ ఎవరంటే, అనంతపురం జేఎన్‌టీయూలో చదివి డాలస్, న్యూజెర్సీ వైపు వెళ్లిన పూర్వ విద్యార్థులు, వాళ్ల ఆఫీసు స్నేహితులు. వాట్సాప్ గ్రూపులో పెట్టిన పోస్టర్‌కు చప్పట్ల బొమ్మలే వచ్చాయి. ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తేనే డబ్బు వచ్చింది. అమెరికాలో ఏటా జరిగే దానాల్లో దాదాపు మూడింట రెండొంతులు మామూలు మనుషులిచ్చేవే. అందుకే పెద్ద ఫౌండేషన్లకు ప్రపోజల్స్ రాస్తూ కూర్చునే బదులు ఫోన్ పట్టుకోవడం మేలని నా లెక్క.

అసలు లాభం కంపెనీల మ్యాచింగ్‌లో ఉంది. ఉద్యోగి ఎంత ఇస్తే కంపెనీ అంత కలుపుతుంది. మైక్రోసాఫ్ట్‌లో ఒక్కో ఉద్యోగికి ఏటా 15,000 డాలర్ల దాకా ఈ సదుపాయం ఉంది. స్వచ్ఛందంగా పనిచేసిన గంటకు 25 డాలర్ల చొప్పున కూడా ఇస్తారు. ఇదంతా మామూలుగా అమెరికాలో ఆ హోదా ఉన్న సంస్థ ద్వారా వెళ్తేనే కుదురుతుంది. "అన్నా, నేను మామూలు డిడక్షనే తీసుకుంటా, రసీదుతో నాకేం పని?" అని ఒకతను అన్నాడు. నిజమే, అక్కడ చాలామంది అందరికీ ఒకేలా దొరికే స్టాండర్డ్ డిడక్షన్ తీసుకుంటారు, విరాళాలను విడిగా చూపించరు. 2026 నుంచి అలాంటివాళ్లకు కూడా 1,000 డాలర్ల వరకు, దంపతులైతే 2,000 వరకు మినహాయింపు వచ్చింది. "రసీదు సంగతి వదిలెయ్, మీ కంపెనీ పోర్టల్‌లో మ్యాచ్ ఉందేమో చూడు" అన్నాను. ఉంది. ఇన్నేళ్లూ వాడుకోలేదట. అయితే ఈ డబ్బు తీరిగ్గా వస్తుంది. ఒక కంపెనీ మ్యాచ్ ఆరు నెలల తర్వాత, ఉద్యోగి పేరు లేకుండా వచ్చింది. ఎవరికి థాంక్స్ చెప్పాలో తెలియక అందరికీ చెప్పాం.

థ్యాంక్స్‌గివింగ్ పండుగ తర్వాత వచ్చే మంగళవారం గివింగ్ ట్యూస్‌డే. ఆ రోజు వచ్చిన విరాళాలను బట్టి గ్లోబల్‌గివింగ్ అదనపు నిధిలో వాటా పంచుతుంది. వాషింగ్టన్‌లో అర్ధరాత్రి మొదలయ్యేసరికి మనకు ఉదయం పదిన్నర, డాలస్‌లో సోమవారం రాత్రి పదకొండు. పిల్లలను పడుకోబెట్టి ఫోన్ చూసుకునే టైమది. మా మెసేజ్ సరిగ్గా అప్పుడు వెళ్తుంది. మళ్లీ మా రాత్రి ఏడింటికి, వాళ్లు ఆఫీసుకు బయల్దేరేలోపు, ఇంకోసారి. మధ్యలో ఆఫీసులో అందరికీ ఒకటే టెన్షన్, నిమిషానికోసారి పేజీ రిఫ్రెష్ చేయడమే పని.

మూడు నెలలకోసారి రిపోర్టు పెట్టాలి. అది దాతలందరికీ ఈమెయిల్‌గా వెళ్తుంది. అమెరికన్ దాత మన ఊళ్లో పనికొచ్చే ఫొటో చూడడు. శాలువాలు, ఫ్లెక్సీలు, వేదిక మీద పెద్దలు ఉంటే ఒక్క జవాబు రాదు. ఒకసారి బెళుగుప్ప వైపు సెంటర్ గురించి రాశాను. అమ్మానాన్నలు బెంగళూరులో ఇటుకలు మోస్తుంటే ఏడో తరగతి పిల్లవాడు అవ్వ దగ్గర ఉండిపోయాడు. అవ్వ రోజూ వాడి వెంట సెంటర్ దాకా వచ్చి, చదువు అయ్యేదాకా గుమ్మంలో చెనిక్కాయలు ఒలుస్తూ కూర్చుంటుంది. అంతే రాశాను. ఒహాయో నుంచి ఒకామె "అవ్వ కూర్చోవడానికి కుర్చీ ఉందా?" అని అడిగింది. ఆవిడకు గుమ్మమే ఇష్టమని చెబితే నవ్వుకుని నెలనెలా ఇవ్వడానికి ఒప్పుకుంది. పిల్లల మార్కుల పట్టిక గురించి ఎవరూ అడగలేదు.

ప్లాట్‌ఫారం రుసుము 5 నుంచి 12 శాతం, దానిమీద కార్డు ఖర్చు 3 శాతం. ఆ రసీదు, ఆ మ్యాచింగ్ సొంతంగా తెచ్చుకోవాలంటే అయ్యే ఖర్చుతో పోలిస్తే నాకిది ఎక్కువనిపించలేదు. సొంతంగా అంటే మనకోసం విరాళాలు సేకరించడానికి అమెరికాలో 'ఫ్రెండ్స్ ఆఫ్' సంస్థ పెట్టడం. దానికి అక్కడి బోర్డు ఉండాలి, ఆ బోర్డు నిజంగా నిర్ణయాలు తీసుకోవాలి, ఏటా అక్కడి పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌కు లెక్కలు చూపాలి, చాలా రాష్ట్రాల్లో విడిగా నమోదు కావాలి. మా స్థాయికి అది మోయలేని బరువు.

సగం పని ఇవతల ఉంది. మన దేశపు విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ కింద రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేకపోతే విదేశీ విరాళంగా ఒక్క డాలరు కూడా తీసుకోకూడదు. మామూలుగా సంస్థ పెట్టి మూడేళ్లు నిండి, గత మూడేళ్లలో 15 లక్షలు పనుల మీద ఖర్చు చేసి ఉంటేనే దరఖాస్తు. 2020 సవరణ తర్వాత డబ్బు ముందు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. పరిపాలన ఖర్చు 20 శాతం దాటకూడదు. ఆ డబ్బు ఇంకో సంస్థకు ఇవ్వడానికి వీల్లేదు. ఏటా విదేశీ విరాళాల లెక్క చూపే ఎఫ్‌సీ-4 రిటర్నుకు గడువు డిసెంబర్ 31. అమెరికన్లు పన్ను సంవత్సరం ముగిసేలోపు ఇచ్చేదీ అప్పుడే. ఆ నెలలో మా ఇంట్లోవాళ్లు నన్ను పలకరించరు.

చాలామందికి తెలియనిది ఒకటుంది. హెచ్-1బి మీద ఉండి ఇంకా భారత పాస్‌పోర్టే ఉన్న గుంటూరు ఇంజనీరు తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా నేరుగా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అదే మనిషి గ్లోబల్‌గివింగ్‌లో ఇస్తే మాత్రం విదేశీ విరాళమే, ఎందుకంటే మనకు ఇస్తున్నది అమెరికా సంస్థ. అమెరికా పౌరసత్వం వచ్చిన ఓసీఐ వాళ్లు ఎలా పంపినా విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ ఇంకా రాని సంస్థలు ప్రస్తుతానికి భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లనే అడగండి. నేరుగా పంపితే మ్యాచింగ్ రాదని వాళ్లకు ముందే చెప్పండి. పాస్‌పోర్టు నకలు తీసుకుని ఫైల్లో పెట్టుకోండి, ఆడిటర్ తప్పకుండా అడుగుతాడు.