కరెంటు దాలి: మా స్లో కుక్కర్‌తో ఐదేళ్లు

ముందు పాయా సంగతి చెప్పాలి. ఐదేళ్లుగా ఈ స్లో కుక్కర్, అంటే సన్నని వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు గిన్నె, మా వంటింట్లో చోటు నిలబెట్టుకుందంటే దానివల్లే. శుక్రవారం రాత్రి పదింటికి శుభ్రం చేసిన మేక కాళ్లు, దంచిన అల్లం వెల్లుల్లి, మిరియాలు, ధనియాల పొడి వేసి, మునిగేదాకా నీళ్లు పోసి, 'లో' (తక్కువ వేడి) మీద పెట్టి పడుకుంటాను. తెల్లారేసరికి ఎముకల్లోని జిగురంతా రసంలోకి దిగిపోతుంది. తాగుతుంటే పెదాలు అతుక్కుంటాయి. మిగిలింది ఫ్రిజ్‌లో పెడితే జున్నులా గడ్డకడుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో ఎన్ని విజిళ్లు వేయించినా నాకు ఆ చిక్కదనం రాలేదు.

అమ్మ అమెరికాలో మేముండే ఇర్వింగ్‌కి వచ్చినప్పుడు మూత మీది ఆవిరి చూసి, "ఇది మన దాలే కదే, కరెంటుది" అంది. నిజమే. మా ఊళ్లో పెరట్లో దాలిలో పిడకల సెగ మీద పొద్దున కుండతో పాలు పెడితే సాయంత్రానికి ఎర్రగా కాగి, పైన మందంగా మీగడ కట్టేది. ఆ మాటతో ఈ గిన్నె మీద నాకు మరీ ప్రేమ పుట్టుకొచ్చింది.

"పొద్దున అన్నీ పడేసి వెళ్లిపోండి, సాయంత్రానికి వంట రెడీ" అని కొన్న కొత్తలో కనబడినవాళ్లందరికీ చెప్పాను. నా మాట విని ఇద్దరు కొన్నారు కూడా. వాళ్లకు ఇప్పుడు కాస్త సర్దిచెప్పుకోవాలి.

ఒక శనివారం రాత్రి భోజనానికి ఎనిమిది మందిని పిలిచాం. పొద్దున ఎనిమిదింటికి కందిపప్పు, ములక్కాడలు, సొరకాయ, టమాటాలు, చింతపండు పులుసు, ఉప్పు, అన్నీ ఒకేసారి వేసి 'లో'లో పెట్టాను. పాప డాన్సు క్లాసు, గుడి, కూరగాయలు ముగించుకుని ఐదింటికి ఇంటికొస్తే తలుపు దగ్గరికే సాంబారు వాసన. మురిసిపోయాను. మూత తీసి గరిటె పెడితే ములక్కాడలు కరిగి పీచు మిగిలింది, సొరకాయ కనబడలేదు, అడుగున పప్పు మాత్రం బద్దకు బద్దగా అలాగే ఉంది. 'హై' చేశాను. ప్రతి పది నిమిషాలకూ మూత తీసి చూశాను. తీసినప్పుడల్లా వేడి పోయి వంట ఇంకా వెనక్కి వెళ్తుందని అప్పటికి నాకు తట్టలేదు. ఆరున్నరకు బద్ద నొక్కితే ఇంకా గట్టిగానే ఉంది. చివరికి మొత్తం ప్రెషర్ కుక్కర్‌లోకి ఒంపి విజిళ్లు వేయిస్తుంటే కాలింగ్ బెల్ మోగింది. ఆ రాత్రి సాంబారులో ములక్కాడ పీచు ఏరుకుంటూనే తిన్నారు పాపం.

తప్పు కుక్కర్‌ది కాదు. పులుపు తగిలితే పప్పు ఉడకదని ఊళ్లో పిల్లలకూ తెలుసు. పప్పు మెత్తబడ్డాకే చింతపండు వేయాలి. స్టవ్ దగ్గర ఎన్నడూ మరవని సంగతి, మెషీన్ చూసుకుంటుందిలే అనుకునేసరికి మరిచిపోయాను. ఎర్ర రాజ్మాకు ఇంకా జాగ్రత్త కావాలి. రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, స్టవ్ మీద పది నిమిషాలు తెర్లించాకే ఇందులో వేయాలి. పచ్చి గింజల్లో కడుపు పాడుచేసే విషపదార్థం ఉంటుంది, 'లో' వేడికి అది పూర్తిగా విరగదు.

ఒక్క గిన్నెలో పనైపోతుందని కూడా అనేదాన్ని. పచ్చి ఉల్లిపాయలు నేరుగా వేస్తే కూర చప్పగా, తియ్యగా తయారవుతుంది. వేయించి వేయాలంటే బాణలీ కడగక తప్పదు. మూతలోంచి ఆవిరి పెద్దగా పోదు కాబట్టి నీళ్లు మామూలుకంటే తక్కువ పోయాలి. గోంగూర మటన్‌లో ఆకు చివరి అరగంటలో వేస్తేనే రంగు, పులుపు నిలుస్తాయి.

మేం నలుగురం, మాంసం తింటాం, ఇద్దరం ఆఫీసులకు వెళ్తాం. 6 క్వార్టుల (ఆరు లీటర్లకు కాస్త తక్కువ) గిన్నె మాకు సరిపోయింది. ఇద్దరే ఉంటే అంత పెద్దది వద్దు, సగమైనా నిండకపోతే అంచుల్లో మాడుతుంది. రోజూ పప్పు, వేపుడుతో గడిచే ఇల్లయితే నన్నడిగి కొనకండి. మళ్లీ కొంటే మాత్రం నాదిలా ఉత్త నాబ్ ఉన్నది కాకుండా, టైమ్ అయ్యాక దానంతటదే 'వార్మ్'కి (వేడి మాత్రం నిలిపి ఉంచేదానికి) మారేది చూసుకుంటాను.

ఇప్పుడది నవంబరులో పై అరలోంచి దిగి, మార్చిలో మళ్లీ ఎక్కుతుంది. పాయా పెట్టిన రాత్రి పడుకునే ముందు, వాసన పట్టకుండా చలికోట్లు పెట్టే అల్మరా తలుపు వేశానా లేదా అని మాత్రం రెండుసార్లు చూసుకుంటాను.