అమెరికా దంపతులు, సీమ బిడ్డ: పెద్ద పిల్లల దత్తత సేవకు మా మార్కులు

కాగితాల పనికి అయిదుకు నాలుగు. బిడ్డను సిద్ధం చేసే పనికి అయిదుకు రెండు. విదేశాల్లో స్థిరపడిన దంపతులు కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి అయిదేళ్ళు దాటిన పిల్లను దత్తత తీసుకుని వెళ్ళడానికి ఇప్పుడున్న సర్కారీ దారికి మేమిచ్చే మార్కులివి. పసిబిడ్డల దత్తత జోలికి పోవడం లేదు. ఆ క్యూ వేరు, ఆ తిప్పలు వేరు. వీసా ముక్క అమెరికాకే సంబంధించింది. మిగతాది ఏ దేశం నుంచి వచ్చేవాళ్ళకైనా పనికొస్తుంది.

మొదట తలుపు ఎక్కడుందో తెలియాలి. దత్తతల వ్యవహారమంతా సెంట్రల్ అడాప్షన్ రిసోర్స్ అథారిటీ చేతిలో ఉంటుంది, అందరూ 'కారా' అంటారు. దాని ఆన్‌లైన్ పోర్టల్ పేరు కేరింగ్స్. విదేశంలో ఉండేవాళ్ళు అందులో నేరుగా దూరడానికి లేదు. అక్కడ కారా గుర్తింపు ఉన్న దత్తత ఏజెన్సీ ద్వారా, అది లేని దేశమైతే అక్కడి దత్తతల ప్రభుత్వ శాఖ లేదా భారత రాయబార కార్యాలయం ద్వారా పేరు నమోదు కావాలి. అమెరికాలో ఆ ఏజెన్సీకి, దేశాల మధ్య దత్తతల కోసం కుదిరిన హేగ్ ఒప్పందం కింద అక్రెడిటేషన్ (గుర్తింపు) కూడా ఉండాలి. "మా మేనత్తకు కడప శిశుగృహలో (చిన్నపిల్లల సర్కారీ హోములో) తెలిసినవాళ్ళున్నారు" అనే మాట వినపడగానే ఆగిపోండి. చట్టం చెప్పిన పద్ధతి దాటి బిడ్డను ఇచ్చినా తీసుకున్నా బాలల న్యాయ చట్టం 80వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ. ఫలానా జిల్లా పిల్లే కావాలని ఎంచుకునే వీలూ లేదు. సొంతూరు ధర్మవరమే అయినా, పోర్టల్ చూపించిన బిడ్డ ఎక్కడుంటే అక్కడికే ప్రయాణం. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తత పత్రం రాయించుకుని ఎంబసీకి పోతే వీసా వస్తుందనే నమ్మకం ఇంకా చాలామందిలో ఉంది. ఆ పత్రం ఒక్కదానితో రాదు.

వయసు లెక్క చాలామంది తప్పుగా వేసుకుంటారు. భార్యాభర్తల వయసులు కలిపి చూస్తారు. రెండేళ్ళ లోపు బిడ్డకు ఆ మొత్తం 85 దాటకూడదు, రెండు నుంచి నాలుగేళ్ళకు 90, నాలుగు నుంచి ఎనిమిదికి 100, ఎనిమిది నుంచి పద్దెనిమిదికి 110. అంటే ఆయనకు 52, ఆమెకు 49 అయితే మొత్తం 101. ఏడేళ్ళ పాపకు వీళ్ళు అర్హులు కారు, తొమ్మిదేళ్ళ పాపకు అవుతారు. ఇద్దరిలో ఎవరికైనా బిడ్డతో 25 ఏళ్ళ తేడా తగ్గకూడదు, పెళ్ళయి రెండేళ్ళ కాపురం నిండాలి. ఎన్నారైలకు దేశంలో ఉండే దంపతులతో సమానంగా ప్రాధాన్యం ఇస్తారు, ఇది మంచి నిబంధన.

ఇక అమెరికా వైపు మెలికలు. అమెరికా ఇమిగ్రేషన్ శాఖకు ఐ-800ఏ (దంపతుల అర్హత కోసం), ఐ-800 (దొరికిన బిడ్డ కోసం) దరఖాస్తులు పెట్టాలంటే దంపతుల్లో ఒకరైనా అమెరికా పౌరులై ఉండాలి. గ్రీన్‌కార్డు, హెచ్-1బి వాళ్ళకు ఆ దారి లేదు. దత్తత బిడ్డ రెండేళ్ళు చట్టబద్ధంగా వాళ్ళ సంరక్షణలో ఉండాలి, రెండేళ్ళు వాళ్ళతో కలిసి ఉండాలి అనే షరతు అడ్డొస్తుంది. బిడ్డ ఫొటో చూడకముందే ఇమిగ్రేషన్ లాయరుతో కూర్చోవాల్సిన జంటలు వీళ్ళే. రెండో మెలిక హోమ్ స్టడీ, అంటే సోషల్ వర్కర్ దంపతుల ఇంటినీ కుటుంబాన్నీ చూసి రాసే రిపోర్టు. అందులో సోషల్ వర్కర్ 'సున్నా నుంచి నాలుగేళ్ళ బిడ్డకు అనువైన కుటుంబం' అని రాస్తే, తొమ్మిదేళ్ళ పాప దొరికినప్పుడు రిపోర్టు తిరగరాయాలి, ఆమోదం మళ్ళీ తెచ్చుకోవాలి. వయసు హద్దు మొదటే విశాలంగా రాయించుకోండి. ఐ-800ఏ ఆమోదం 15 నెలలే ఉంటుంది, కాబట్టి గడువు తేదీ ఫ్రిజ్ మీద అంటించుకుంటే తప్పులేదు. మూడోది, అన్నిటికంటే ఖరీదైన తప్పు: ఐ-800 తాత్కాలిక ఆమోదం, దత్తత కానివ్వొచ్చని అమెరికా ఎంబసీ ఇచ్చే లేఖ రాకముందే ఇక్కడ దత్తత పూర్తి చేసేయడం. వరస తప్పితే సరిదిద్దుకోవడానికి నెలలు పడుతుంది. ముందు బిడ్డను అంగీకరించడం, తర్వాత ఐ-800, వీసా దరఖాస్తు, ఎంబసీ లేఖ, కారా ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఆ తర్వాతే దత్తతను ఖాయం చేసే కలెక్టర్ ఆర్డరు.

ఈ సేవలో మాకు అన్నిటికంటే బలహీనంగా కనిపించేది బిడ్డ గురించి వచ్చే రిపోర్టు. చైల్డ్ స్టడీ రిపోర్టు ఒకటి, వైద్య పరీక్ష రిపోర్టు ఒకటి వస్తాయి. పసిబిడ్డ విషయంలో బరువు, తల చుట్టుకొలత, టీకాలు చాలు. ఎనిమిదేళ్ళ బిడ్డకు వెనక ఎనిమిదేళ్ళ బతుకుంది. దాని గురించి రిపోర్టులో 'చురుకైన పాప, అందరితో కలుస్తుంది, బాగా తింటుంది' అని ఒక్క వరుస ఉంటే ఏం తెలుస్తుంది? నిర్ణయానికి గడువు మాత్రం గంటల లెక్కన ఉంటుంది. అందుకే ప్రశ్నలు ముందే రాసి పెట్టుకుని, రిపోర్టు రాగానే ఏజెన్సీ ద్వారా పంపాలి.

మొదటి ప్రశ్న పుట్టినరోజు. అది ఆసుపత్రి రికార్డులోదా, లేక డాక్టరు ఎముకలు, పళ్ళు చూసి వేసిన అంచనానా? అంచనా అయితే ఏడాది, ఏడాదిన్నర అటూఇటూ ఉండొచ్చు. అక్కడి బడిలో ఏ తరగతిలో వేయాలో దాని మీదే ఆధారం. రెండోది, తోబుట్టువులున్నారా? మూడోది, ఎవరి దగ్గర పెరిగింది? తల్లిదండ్రులు గుర్తున్నారా, అవ్వ దగ్గర ఉండిందా, హోముకు ఏ వయసులో వచ్చింది, అంతకుముందు ఎన్ని చోట్లు మారింది? నాలుగోది, బడి రికార్డు. ఏ మాధ్యమం, ఎన్ని రోజులు హాజరు, చదవడం వచ్చా. చివరిది ఎవరూ అడగనిది: రాత్రి ఎవరి పక్కన పడుకుంటుంది, తల ఎవరు దువ్వుతారు? ఈ ప్రశ్నకు పేరుతో సహా జవాబొస్తే, ఆ హోములో బిడ్డను గమనించే మనిషి ఒకరున్నట్టు లెక్క.

ఆరేళ్ళు దాటిన పిల్లలు సాధారణంగా శిశుగృహలో ఉండరు. ఆడపిల్లలు బాలసదనంలో, మగపిల్లలు బాలల గృహంలో ఉంటారు. ఆ హోమును దత్తత పనులు చూసే గుర్తింపు ఉన్న ఏదో ఒక ప్రత్యేక దత్తత సంస్థకు జోడిస్తారు. ఫైలు ఒక చోట, బిడ్డ ఇంకో చోట. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఆ రెండూ రెండు జిల్లాల్లో పడే అవకాశమూ ఉంది. దరఖాస్తు ఏ జిల్లా కలెక్టరుకు వెళ్తుందో ముందే అడగండి. హోటల్ బుక్ చేసేముందు ఈ సంగతి తేల్చుకోండి.

కలెక్టర్ దశ గురించి మంచి మాటే చెప్పాలి. 2022 సెప్టెంబరు 1 నుంచి దత్తత ఆర్డరు కోర్టు బదులు జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టరే ఇస్తున్నారు. రెండు నెలల్లో తేల్చాలని చట్టం. విచారణ గుట్టుగా జరుగుతుంది. వయసుకూ అవగాహనకూ తగ్గట్టు బిడ్డ ఇష్టం తెలుసుకోవాలని బాలల న్యాయ చట్టం 61వ సెక్షన్ చెబుతుంది, పెద్ద పిల్లల విషయంలో ఇది మొక్కుబడి కాకూడదు. కలెక్టరేట్‌లో సోమవారం పని పెట్టుకోవద్దు. ఆరోజు ప్రజల అర్జీల దినం, గేటు దగ్గర నుంచే జనం. బాలల సంరక్షణ యూనిట్ వాళ్ళు కూడా ఆ రోజు మీటింగుల్లోనే ఉంటారు.

ఇక్కడ చెడేది ఎక్కువగా స్పెల్లింగు. బిడ్డను దత్తతకు ఇవ్వొచ్చని బాలల సంక్షేమ కమిటీ ఇచ్చిన లీగల్లీ ఫ్రీ సర్టిఫికెట్‌లో 'లక్ష్మి' చివర ఒక ఐ, ఆధార్‌లో డబుల్ ఈ, పోర్టల్‌లో ఇంటిపేరు అక్షరం ముందు, బడి రికార్డులో వెనక. కలెక్టర్ ఆర్డరులో ఏది పడితే జనన ధ్రువపత్రంలో, పాస్‌పోర్టులో, వీసాలో అదే పడుతుంది. ఆర్డరు టైపయ్యే ముందు డ్రాఫ్టు చూపించమని అడగండి. బిడ్డ పాత పేరు, కొత్త పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే అక్షరం అక్షరం సరిపోల్చండి. ఆర్డరు వచ్చాక దిద్దించడం అంటే మళ్ళీ మొదటి మెట్టే. పేరు విషయంలో మా అభిప్రాయం ఒకటే: ఏడేళ్ళుగా పలికిన పేరును తీసేయొద్దు, ఇంటిపేరు మాత్రం చేర్చండి.

ఆర్డరు తర్వాత హేగ్ ఒప్పందం 23వ అధికరణ కింద కారా సర్టిఫికెట్, ఆపైన జనన పత్రం, పాస్‌పోర్టు, వీసా. బిడ్డ పూర్తిగా చేతికొచ్చేది పాస్‌పోర్టు, వీసా వచ్చాకే. ఎన్ఓసీ తర్వాత ఇండియాలోనే ఉంటామని హామీ రాసిస్తే, ఆర్డరు వచ్చేదాకా తాత్కాలికంగా దగ్గర ఉంచుకోవచ్చు. అందుకే రెండు దారులు: ఒకసారి వచ్చి నెలల తరబడి ఉండటం, లేదా రెండుసార్లు రావడం. పెద్ద పిల్లలకైతే మొదటిదే మేలంటాం. పదిరోజులు అమ్మా నాన్నా అనిపించుకుని విమానం ఎక్కి వెళ్ళిపోతే, తిరిగొచ్చేసరికి బిడ్డ మొహం తిప్పుకుంటుంది. సెలవు దొరక్కపోతే కనీసం ఇద్దరిలో ఒకరు ఆగండి.

ఖర్చు దాపరికం లేని విషయం, నాలుగు మార్కుల్లో ఒకటి దానికే. విదేశీ దత్తతకు ఇండియా వైపు చెల్లించేది నిబంధనల షెడ్యూలు ప్రకారం 5,000 డాలర్లు, రసీదుతో. 'హోముకు ఏదైనా సాయం' అని ఎవరైనా అడిగితే అది షెడ్యూలులో లేనిది, ఇవ్వకండి. అమెరికా ఏజెన్సీ ఫీజు వేరు, దాన్ని దశలవారీగా రాతపూర్వకంగా తీసుకోండి.

వైద్య పరీక్షలో ఒక గుంత ఉంది. అమెరికా వీసాకు ఎంబసీ గుర్తించిన డాక్టరే చూడాలి. అలాంటివాళ్ళు సీమలో లేరు, హైదరాబాదో చెన్నైయో ఢిల్లీయో పోవాలి. రెండు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు టీబీ కోసం ఐజీఆర్ఏ రక్తపరీక్ష చేస్తారు. పాజిటివ్ వస్తే ఎక్స్‌రే. ఎక్స్‌రేలో అనుమానం వస్తే కఫం కల్చర్, దానికి దాదాపు ఎనిమిది వారాలు. పదిమంది ఒకే గదిలో పడుకునే చోట పెరిగిన బిడ్డకు ఐజీఆర్ఏ పాజిటివ్ రావడం వింతేం కాదు. అందుకే తేదీ మార్చుకునే వీలున్న టికెట్లే కొనండి. పదేళ్ళు, అంతకంటే తక్కువ వయసున్న దత్తత పిల్లలకు టీకాల మినహాయింపు ఉంది, అక్కడికెళ్ళాక వేయిస్తామని అఫిడవిట్ ఇస్తే చాలు. ఆ వయసు దాటితే అది లేదు. వీసా పని ఢిల్లీ ఎంబసీలోనే.

ప్రయాణం సంగతి: అనంతపురానికి దేవనహళ్ళి విమానాశ్రయం నుంచి 44వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 180 కిలోమీటర్లు. కర్నూలుకు ఓర్వకల్లులో, కడపకు ఊరి పక్కనే విమానాశ్రయాలున్నాయి గానీ సర్వీసులు తక్కువ, మారుతుంటాయి. కారులో దూరం పోయిన అలవాటు లేని బిడ్డ మొదటి గంటలోనే వాంతి చేసుకుంటుంది. కవర్లు, తడి గుడ్డ, నిమ్మకాయ దగ్గర పెట్టుకోండి. ఎండాకాలం కర్నూలు ప్రయాణం తెల్లవారుజామునే పెట్టుకోవాలి.

రెండు మార్కులే ఎందుకిచ్చామంటే, బిడ్డను సిద్ధం చేయడం రాతలో ఉన్నంతగా చేతలో ఉండదు. ఒక కౌన్సెలరు చేతిలో ఎన్నో ఫైళ్ళు. కొన్ని చోట్ల బిడ్డకు చెప్పేది 'నిన్ను అమెరికా తీసుకుపోతారు, బొమ్మలు కొనిస్తారు' అనే మాట ఒక్కటే. ఈ లోటు దంపతులే పూడ్చుకోవాలి. ఏజెన్సీ అనుమతితో ఒక చిన్న ఆల్బం పంపండి. ఇరవై ఫొటోలు చాలు: ఇంటి తలుపు, బిడ్డ పడుకునే మంచం, స్నానాల గది, బడి బస్సు, వీధిలో కుక్క, అమ్మానాన్న వంట చేస్తున్నప్పుడు. ప్రతి ఫొటో కింద తెలుగులో ఒక్క వాక్యం, పెద్ద అక్షరాల్లో. డిస్నీలాండ్ ఫొటో పెట్టకండి. రోజూ అదే ఉంటుందనుకుంటుంది.

భాష కూడా చూసుకోండి. గుంటూరు తెలుగులో అడిగితే సీమ బిడ్డ సగం వింటుంది. 'యాడికి పోతాండాం?' అని అడిగితే తిరిగి అదే యాసలో చెప్పే మనిషి మొదటి వారం దగ్గరుండటం మేలు. మడకశిర వైపు పిల్లకు కన్నడం, కర్నూలు, కడప టౌన్లలో కొందరికి ఉర్దూ ఇంటిభాష అయి ఉంటుంది. తిండిలో కొత్తవి వెంటనే పెట్టొద్దు. హోములో అలవాటైన అన్నం, పప్పు, గుడ్డు, రాగిజావతో వారం గడపండి. పొద్దున ఉగ్గాని బజ్జీ దొరికే చోట గది తీసుకుంటే సగం పని అయినట్టే. దిండు కింద బిస్కెట్లు దాచితే తిట్టకండి, బిడ్డ చేతికందే ఎత్తులో ఒక డబ్బా పెట్టి ఎప్పుడూ నింపి ఉంచండి. మొదటి రెండు వారాలు అతివినయంగా ఉండి, ఆ తర్వాత 'నేను రాను పో' అని కింద పడి ఏడిస్తే అది తిరగబాటు కాదు, అలవాటు పడుతున్న గుర్తు. ఆర్డరు వచ్చేదాకా వాట్సాప్ స్టేటస్‌లో బిడ్డ ఫొటో పెట్టడం కూడా తప్పే. అదే చట్టం 74వ సెక్షన్ ఇలాంటి పిల్లల గుర్తింపు బయటపెట్టడాన్ని నిషేధిస్తుంది.

విదేశం చేరాక మొదటి ఏడాది మూడు నెలలకోసారి, రెండో ఏడాది ఆరు నెలలకోసారి నివేదికలు వెళ్ళాలి. ఏజెన్సీ వాళ్ళే రాస్తారు, గడువు మీరు చూసుకోవాలి. బయల్దేరే ముందు హోములో ఒక పూట కేటాయించండి. తల దువ్విన ఆయమ్మతో, పక్క మంచం స్నేహితురాలితో, బడి గేటు దగ్గర బిడ్డ ఫొటోలు తీయించి మీ దగ్గరే దాచండి. వెనక పేరు, ఊరు, తేదీ బాల్‌పెన్నుతో రాయండి. పద్దెనిమిది నిండాక సొంతంగా మూలాలు వెతుక్కునే హక్కు బిడ్డకు నిబంధనల్లోనే ఉంది, ఆ రోజు ఫైలు కంటే ముందు ఈ ఫొటోలే అక్కరకొస్తాయి.